ధూళిక ఆగిపోయిన ఆదివారం

కబురు శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. గుడ్‌గావ్‌లోని బీమా కంపెనీ ఆఫీసులో కిరీటి భోజనం డబ్బా మూత తీస్తుంటే ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. 'ధూళిక సేన' అనే వాట్సాప్ గ్రూపులో మెసేజీలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏడుస్తున్న బొమ్మలు, తిట్లు, చేతులు జోడించిన బొమ్మలు. గ్రూపు నడిపే సాత్విక్ కిరీటికి మాత్రం విడిగా తెలుగులో రాశాడు.

"అన్నా, ధూళిక బంద్ చేస్తున్నరట. వచ్చే నెలదే ఆఖరి సంచిక. కంపెనోళ్ళే పొద్దుగాల పెట్టిన్రు."

కిరీటి ఆ మూడు వాక్యాలూ చదివి డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు.

ధూళిక హిందీలో నెలనెలా వచ్చే బొమ్మల కథ. దరియాగంజ్‌లోని సప్తరేఖ కామిక్స్ అనే చిన్న కంపెనీ వేసేది. కూలిపోయిన ఒక అపార్టుమెంటు శిథిలాల కింద దుమ్ములో చిక్కుకుని బతికి బయటపడ్డ కూలి పిల్ల ధూళిక. అప్పటినుంచి ఆమె తలచుకున్నప్పుడల్లా ధూళిగా మారగలదు. గాలిలో తేలిపోయి, కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి దూరి, ఆపదలో ఉన్నవాళ్ళ దగ్గరకు చేరగలదు. అయితే మళ్ళీ మనిషిగా మారినప్పుడల్లా ఆమెది ఏదో ఒకటి తిరిగి రాదు. ఒకసారి చిటికెనవేలు రాలేదు. ఒకసారి తల్లి పేరు రాలేదు. ఒకసారి ఎరుపు రంగు ఎలా ఉంటుందో మరిచిపోయింది. ఈ నెల కథలో ఒక బడికి నిప్పంటుకుంటే ధూళిగా మారి పిల్లలందరినీ బయటకు దాటించింది. ఆఖరి బొమ్మలో పిల్లలు ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారు. ధూళిక ఇంకా గాలిలోనే ఉంది.

కిరీటికి ముందు గుర్తొచ్చింది ధూళిక కాదు, హాసిని. అతని కూతురు. పదమూడో ఏడు నడుస్తోంది. తల్లి మైథిలితో ఇందిరాపురంలో ఉంటోంది.

కిరీటి, మైథిలి విడిపోయేనాటికి హాసిని రెండో క్లాసు చదువుతోంది. ఆ ఇంట్లో కేకలు, కొట్లాటలు ఏమీ లేవు. ఇద్దరూ మాట్లాడుకోవడం తగ్గించారు, తర్వాత మానేశారు, తర్వాత కిరీటి గుడ్‌గావ్‌లో గది తీసుకున్నాడు. నెలలో రెండు ఆదివారాలు పిల్లను బయటకు తీసుకెళ్ళేట్టు అనుకున్నారు. మొదటి కొన్ని ఆదివారాలు నరకంగా గడిచాయి. హాసిని అతని చెయ్యి పట్టుకునేది కాదు. మాల్‌లో ఐస్‌క్రీం కొనిస్తే కరిగిపోయేదాకా చూస్తూ కూచునేది. అడిగినదానికి తల ఊపేది, అంతే.

ఒకరోజు కరోల్ బాగ్ మెట్రో స్టేషను మెట్ల దగ్గర పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఆమె ఆగింది. ధూళిక అట్ట చూసి ఆగింది. కిరీటి కొన్నాడు. దగ్గర్లోని దోసెల హోటల్లో కూచుని అతను ఆ పుస్తకం తెరిచి హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదవబోయాడు. కాకినాడలో చదువుకున్నవాడు. మాట్లాడటం వచ్చింది గాని చదవడం నత్తనడక. రెండు వాక్యాలయ్యేసరికి హాసిని ఓపిక పట్టలేకపోయింది. పుస్తకం లాక్కుని తనే బయటకు చదివింది. బుల్లి గొంతు, రౌడీ మాట్లాడితే లావుగా, ధూళిక మాట్లాడితే మెత్తగా. చదవడం అయ్యాక, "నాన్నా, ఉస్‌కీ ఉంగ్లీ ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగింది. ఆమె వేలు ఎక్కడికి వెళ్ళిందని. నెలల తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

అప్పటినుంచి ప్రతి నెలా అంతే. కొత్త ధూళిక రాగానే కరోల్ బాగ్, దోసె, హాసిని చదవడం, అతను వినడం. రెండో ఆదివారం ఆ కథ గురించే మాట్లాడుకోవడం. ఆ మాటల మధ్యలో స్కూలు సంగతులు, స్నేహితురాళ్ళ సంగతులు దొర్లేవి. కిరీటికి తన కూతురి గురించి తెలిసిందంతా అలా తెలిసిందే.

సాయంత్రం ఇందిరాపురానికి ఫోన్ చేస్తే మైథిలి ఎత్తింది.

"స్కూలు నుంచి వచ్చిందగ్గర్నుంచీ తలుపేసుకు కూచుంది" అంది. "ఎవరికేమయిందో అని హడిలిపోయాను. తీరా చూస్తే బొమ్మల పుస్తకం ఆగిపోయిందట. నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు కిరీటీ. నిజంగానే ఏడుస్తోంది."

"ఒకసారి ఇవ్వు."

కాసేపటికి హాసిని గొంతు వినిపించింది. ముక్కు దిబ్బడేసి ఉంది.

"నాన్నా, వాళ్ళు అలా ఎలా ఆపేస్తారు? వో తో అభీ హవా మే హై."

ఆమె ఇంకా గాలిలోనే ఉంది కదా అని.

"ఆదివారం దరియాగంజ్ వెళ్దాం. అభిమానులంతా వస్తున్నారట. అడుగుదాం" అన్నాడు.

"పక్కా?"

"పక్కా."

సాత్విక్ ఏర్పాటు చేసిందే అది. ఆదివారం సప్తరేఖ ఆఫీసు కింద గోదాములో పాత సంచికలన్నీ సగం ధరకు అమ్మేస్తున్నారు. మేనేజరు ఉంటాడు. అందరం కలిసి వెళ్ళి అడుగుదామన్నాడు. సాత్విక్‌ది కరీంనగర్. ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో ఉండి సివిల్స్‌కి చదువుతున్నాడు. వయసు దాటిపోతోంది, ఈసారిదే ఆఖరి అవకాశం. ఢిల్లీ వచ్చిన కొత్తలో అతనికి హిందీ సరిగ్గా వచ్చేది కాదు. కూరగాయలవాడి దగ్గర, ఇంటి యజమాని దగ్గర ధూళిక చెప్పిన మాటలే అప్పజెప్పేవాడినని నవ్వుతూ చెప్పేవాడు.

ఆదివారం కిరీటి వైశాలిలో మెట్రో దిగి, ఆటోలో ఇందిరాపురం చేరేసరికి పదకొండయింది. అపార్టుమెంటు గేటు దగ్గర ఎప్పుడూ హాసిని ఒక్కతే వచ్చి నిలబడి ఉండేది. ఆరోజు మైథిలి నిలబడి ఉంది.

"అది తయారవుతోంది. నీతో ఒక మాట చెప్పాలి" అంది. చలికి శాలువా బిగించుకుంది. "నోయిడా ఆఫీసు ఎత్తేస్తున్నారు. పుణె వెళ్తావా, మానేస్తావా అన్నారు. వెళ్తానన్నాను. మార్చిలో దాని పరీక్షలు అవ్వగానే బయల్దేరాలి."

కిరీటి గేటు పక్కన ఎండలో కునుకుతున్న కుక్కను చూశాడు. లోపల ఏదో జారిపోయినట్టు అనిపించింది. దాన్ని మాటగా పట్టుకునేలోపే నోరు అలవాటుగా కదిలింది.

"ఠీక్ హై" అన్నాడు.

మైథిలి కాసేపు అతని మొహంలోకి చూసింది.

"అంతేనా?"

"ఏం చేస్తాం. ఉద్యోగం కదా."

ఆమె ఇంకేదో వినాలన్నట్టు మరో క్షణం ఆగింది. తర్వాత తల తిప్పుకుంది.

"దానికింకా చెప్పలేదు. ఈ ఏడుపు చూసి చెప్పలేకపోయాను. నువ్వు చెప్తే వింటుంది. చూసి చెప్పు."

హాసిని మెట్లు దిగి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వీపున బ్యాగు. అందులో తన దగ్గరున్న ధూళికలన్నీ పెట్టుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మెట్రోలో ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని యమున వచ్చేదాకా మాట్లాడలేదు. వంతెన మీద మాత్రం, "వాళ్ళు ఒప్పుకుంటారు కదా నాన్నా?" అంది. అతను తల ఊపాడు. పుణె సంగతి ఎత్తలేదు.

దరియాగంజ్‌లో ఆదివారం కాబట్టి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. సప్తరేఖ ఆఫీసున్న సందు మాత్రం జనంతో నిండి ఉంది. నలభై యాభై మంది ఉంటారు. కాలేజీ పిల్లలు, మఫ్లర్లు చుట్టుకున్న ఉద్యోగస్తులు, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ. గోదాములో పాత సంచికలు కట్టలు కట్టలుగా నేల మీద పోసి ఉన్నాయి. వాటి మీద ఎవరో కాలు పెట్టి నడిచినట్టు బూటు మరకలు.

సాత్విక్ ఎదురొచ్చాడు. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"వచ్చినవా అన్నా. మేనేజరు పైన కూసున్నడు, కిందికి రానంటున్నడు. రచయిత నౌటియాల్ సాబ్ గూడ వచ్చిండట." హాసినిని చూసి నవ్వబోయాడు. "ఏం చెల్లె, ఏడ్సినవా? నేను గూడ ఏడ్సిన."

అప్పుడే సందు చివర డప్పు చప్పుడయింది. కొందరు కుర్రవాళ్ళు నాలుగు వెదురు కర్రల మీద ధూళిక నిలువెత్తు బొమ్మను పాడెలా మోసుకుంటూ వచ్చారు. బొమ్మ మెడలో బంతిపూల దండ. ముందు ఒకడు అగరొత్తులు పట్టుకున్నాడు. ఇంకొకడు ఫోను ఎత్తి వీడియో తీస్తూ, "దోస్తో, ధూళిక అంతిమయాత్ర, చానల్‌ని సబ్‌స్క్రైబ్ చెయ్యండి" అంటున్నాడు. జనంలో కొందరు నవ్వారు. కొందరు చేతులు జోడించారు.

హాసిని తండ్రి చెయ్యి వదిలి ముందుకు ఉరికింది. కిరీటికి ఏం జరుగుతోందో తెలిసేలోపే ఆ బొమ్మ మెడలోంచి దండ పట్టి లాగేసింది. పూలు తెగి రోడ్డు మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

"మరీ నహీ హై!" అని అరిచింది, చచ్చిపోలేదని. "వో మరీ నహీ హై! మీరెవరు చంపడానికి?"

వీడియో తీసేవాడు ఫోను ఆమె మొహం మీదికి తెచ్చాడు. "రోనా మత్, బేటా, ఇధర్ దేఖో" అన్నాడు నవ్వుతూ, ఏడవకుండా ఇటు చూడమని. కిరీటి వెళ్ళి ఆ చేతిని కిందికి నెట్టాడు. ఫోను కింద పడింది. వాడు కాలరు పట్టుకున్నాడు. సాత్విక్, ఇంకో ఇద్దరు అడ్డొచ్చి విడదీశారు. ఆ గొడవకు పైనుంచి మేనేజరు మెట్ల మధ్యదాకా దిగివచ్చాడు. బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న మనిషి.

"గొడవ చేస్తే పోలీసుల్ని పిలుస్తాను" అన్నాడు హిందీలో. "పుస్తకాలు ఎవరూ కొనడం లేదు, ఆపేశాం. మా ఇష్టం."

కిరీటికి ఆ 'మా ఇష్టం' అన్న మాట చెంప మీద కొట్టినట్టయింది. మెట్ల దగ్గరకు వెళ్ళాడు. వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగులో, గొంతు చించుకుని అరిచాడు.

"మీ ఇష్టమా? మమ్మల్ని ఒక్క మాట అడిగారా? ఏళ్ళ తరబడి నెలనెలా ఎదురుచూసిన వాళ్ళం. పిల్లలు చదువుకుంటున్నారు. ఇంట్లో అది తప్ప ఇంకో మాట లేని వాళ్ళున్నారు. సగంలో గాల్లో వదిలేసి ఠక్కున పోతామంటే ఎలా? ఎలా పోతారు? నేను ఒప్పుకోను!"

అతని మెడ మీద నరాలు ఉబ్బాయి. జనం చప్పట్లు కొట్టారు. "నహీ చలేగా!" అని ఎవరో అందుకున్నారు, కుదరదంటూ. హాసిని నోరు తెరుచుకుని తండ్రినే చూస్తోంది. తన తండ్రి గొంతు పెంచగా ఆమె ఎప్పుడూ వినలేదు.

మేనేజరు విసురుగా పైకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అతని బదులు ఒక ముసలాయన మెల్లిగా మెట్లు దిగి వచ్చాడు. నెత్తిన ఊలు టోపీ, చంకలో అట్టపెట్టె. అందులో ఒక టీ కప్పు, కొన్ని పెన్నులు, గోడకు తగిలించే గడియారం ఉన్నాయి. ఆయనే దివాకర్ నౌటియాల్. మొదటినుంచీ ధూళిక కథ రాస్తున్నవాడు. ఆయన గది ఖాళీ చేయించేశారని చూడగానే అందరికీ అర్థమయింది.

ఆయన కింది మెట్టు మీద కూచుని, రోడ్డు మీద పడిన పూలను చూసి, "దండ తీసిందెవరు?" అని అడిగాడు. అందరూ హాసినిని చూశారు. దగ్గరకు రమ్మన్నాడు.

హాసిని ఆయన ముందు నిలబడింది. "తను తిరిగి వస్తుందా, అంకుల్?"

"రావాలనే అనుకున్నాను తల్లీ. ఎలా వస్తుందో నాకు తెలుసు. ఇంకో మూడు నెలలిస్తే తీసుకొచ్చేవాడిని."

"ఎలా వస్తుంది?"

జనం దగ్గరకు జరిగారు. నౌటియాల్ గొంతు సవరించుకున్నాడు. "గాలిలో ఉండగా ఆమెకు ఒక పాట వినిపిస్తుంది..." అని మొదలుపెట్టాడు. చుట్టూ ఒక్కొక్కటే ఫోన్లు లేచాయి. ఆయన ఆ ఫోన్లను చూసి ఆగిపోయాడు. పై అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూశాడు.

"చెప్పకూడదు" అన్నాడు. "ఆమె వాళ్ళది. కథ వాళ్ళది. సంతకం పెట్టాను. బయట ఎక్కడైనా చెబితే కోర్టుకు లాగుతారు. ఈ వయసులో నాకు ఆ ఓపిక లేదు."

"రాసింది మీరు కదా!" అంది హాసిని.

"అవును బేటా. రాసింది నేను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హాసిని బ్యాగు తెరిచి పుస్తకాలన్నీ మెట్టు మీద పెట్టింది. ఆయన కనబడతారేమోనన్న ఆశతోనే తెచ్చిందని అప్పుడు తెలిసింది. సంతకం చేయమంది. ఆయన ఒక్కొక్కటీ తెరిచి, పేరు రాసి ఇచ్చాడు. చివరికి పెట్టె ఎత్తుకుని సందు దాటి వెళ్ళిపోతుంటే సాత్విక్ వెనకనే వెళ్ళి ఆ పెట్టె తీసుకుని మోశాడు. పాడె తెచ్చిన కుర్రవాళ్ళు కర్రలు గోడకు ఆనించి, బొమ్మను చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయారు. అరగంటలో సందు ఖాళీ అయింది.

తిరుగు ప్రయాణంలో మండీహౌస్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద బెంచీ కనబడితే కూచున్నారు. రెండు రైళ్ళు వదిలేశారు.

"నాన్నా" అంది హాసిని. ఆమె మాట సగం హిందీ, సగం తెలుగు. "ఇంక ధూళిక లేదు కదా. మరి ఆదివారం మనం ఏం చేస్తాం?"

అతనికి అంతకన్నా మంచి సమయం ఇక దొరకదనిపించింది. అంతకన్నా చెడ్డ సమయం కూడా ఉండదని తర్వాత తెలిసింది.

"హాసినీ, అమ్మ ఆఫీసు పుణె మారుతోందిరా. పరీక్షలయ్యాక మీరిద్దరూ అక్కడికి వెళ్తారు."

ఆమె పట్టాల వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్నే. గేటు దగ్గర అమ్మ చెప్పింది."

"నువ్వేమన్నావు?"

కిరీటి అబద్ధం చెప్పాలనుకున్నాడు. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు.

"ఠీక్ హై అన్నాను."

"బస్? ఠీక్ హై?" హాసిని అతని వైపు తిరిగింది. ఏడవడం లేదు. "ధూళిక కోసం అంత గట్టిగా అరిచావు. నేను ఒప్పుకోను అన్నావు. అందరూ తాలియా కొట్టారు. నా కోసం ఠీక్ హై అన్నావా?"

రైలు వచ్చింది. ఆమె లేచి ఎక్కింది. అతను వెనక ఎక్కాడు. వైశాలి దాకా ఆమె అవతలి తలుపు దగ్గర నిలబడింది. ఖాళీ సీటు ఉన్నా వచ్చి కూచోలేదు. చిన్నప్పటి ఆ మొదటి ఆదివారాల్లాగే అద్దంలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. అప్పుడైతే పిల్లకు ఏం తెలుసని సర్దుకున్నాడు. ఇప్పుడు అలా అనుకునే వీలు కూడా లేదు.

అపార్టుమెంటు గేటు దగ్గర ఆమె వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. కిరీటి తిరిగి ఆటో దాకా నడిచాడు. ఆటోవాడు "వైశాలీ, భయ్యా?" అన్నాడు. కిరీటి కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ గేటు వైపు నడిచాడు. వాచ్‌మన్ అతని పేరు, ఏ ఫ్లాటుకు వెళ్ళాలో అడిగాడు. ఎవరవుతారని అడిగితే, "బిటియా కా పాపా" అన్నాడు, పాప తండ్రినని.

మైథిలి తలుపు తీసి ఆశ్చర్యపోయింది. విడిపోయాక అతను ఆ గడప తొక్కలేదు. హాసిని గది తలుపు మూసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చలికాలంలో కూడా ఆమెకు ఫ్యాను చప్పుడు లేనిదే తోచదు.

కిరీటి కూచోలేదు.

"మీరు వెళ్ళడం నాకిష్టం లేదు మైథిలీ" అన్నాడు. "నువ్వు ఉద్యోగం మానెయ్యమని అనట్లేదు. ఆపలేనని తెలుసు. కానీ నాకిష్టం లేదు. పిల్ల దూరమైపోతుంటే నాకు భయంగా ఉంది. పొద్దున చెప్పాల్సింది, నోరు రాలేదు."

మైథిలి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషిలా ఉంది.

"ఇలా మాట్లాడటం నీకు వచ్చని నాకు తెలియదు" అంది. "నువ్వు గుడ్‌గావ్‌లో గది తీసుకోకముందు, నేను ఇల్లు వదిలి మా అక్క దగ్గరికి వెళ్తానన్నప్పుడు కూడా నువ్వు ఠీక్ హై అనే అన్నావు. గుర్తుందా? వద్దంటావేమోనని సంచీ సర్దుతూ మధ్యాహ్నమంతా చూశాను."

కిరీటికి గుర్తుంది. ఆమె ప్రశాంతంగా ఉండాలని అలా అన్నాననుకున్నాడు ఇన్నేళ్ళూ.

లోపల ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ మూసిన తలుపు వైపు చూశారు.

కిరీటి గొంతు తగ్గించలేదు. "సెలవులు నాకివ్వు. దసరాకి, వేసవికి. దాన్ని నా దగ్గర ఉండనీ. గంటలు కాదు, రోజులు. రెండు గదుల ఇల్లు తీసుకుంటాను. వంట చేసి పెడతాను."

"నీకు వంటొచ్చా?"

"నేర్చుకుంటాను."

మైథిలి కళ్ళు తుడుచుకుంది. "సరే" అంది. "దాన్ని కూడా అడగాలి. అడుగుతాను."

ఆ గది తలుపు ఆరోజు తెరుచుకోలేదు.

ఆఖరి సంచిక మరుసటి నెల మొదటి వారంలో వచ్చింది. కరోల్ బాగ్‌లో అదే హోటల్లో కూచున్నారు. హాసిని రావడానికి ఒప్పుకుంది గాని ముభావంగా ఉంది. ఎప్పట్లాగే బయటకు చదివింది. గొంతులు మార్చలేదు. ధూళిక ఒక్క బొమ్మలో కూడా లేదు. బడి పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయారు, వీధి దీపాలు వెలిగాయి, ఆఖరి పేజీలో ఖాళీ ఆకాశం. దాని కింద చిన్న అక్షరాల్లో, ఇన్నాళ్ళూ ఆదరించిన పాఠకులకు ధన్యవాదాలు. వెనక అట్ట మీద రోబో కుక్క బొమ్మతో కొత్త కథ ప్రకటన.

"ఖతమ్?" అన్నాడు కిరీటి.

"ఖతమ్" అంది. దోసె సగంలోనే వదిలేసింది. "ఇది నౌటియాల్ అంకుల్ రాసింది కాదు. ఆయనైతే కనీసం పాట పెట్టేవారు."

గ్రూపులో మెసేజీలు తగ్గిపోయాయి. ముందు పుట్టినరోజు శుభాకాంక్షలు మిగిలాయి, తర్వాత అవీ పోయాయి. సాత్విక్ పరీక్ష పోయింది. ఊరికి వెళ్ళేముందు కిరీటి ఆఫీసుకు వచ్చి కలిశాడు. కింద టీ బండి దగ్గర నిలబడి గ్లాసు పట్టుకుని ఎంతకీ తాగలేదు.

"రెండూ ఒక్కసారే అయిపోయినయి అన్నా" అన్నాడు. "పుస్తకం బంద్ అయిందని ఏడిస్తే మా రూంమేట్ నవ్విండు. పరీక్ష పోయిందని ఏడుద్దామంటే ఏడుపు రాలె. ఇంటికి పోయి అమ్మకు ఏం జెప్పాలె?"

కిరీటి అతని భుజం మీద చెయ్యి వేశాడు. సాత్విక్ బస్సెక్కేదాకా పక్కన నిలబడ్డాడు. తర్వాత కొన్నాళ్ళు ఫోన్లు చేసుకున్నారు. క్రమంగా అదీ తగ్గింది.

ఏప్రిల్ మొదట్లో మైథిలి, హాసిని నిజాముద్దీన్‌లో పుణె రైలెక్కారు. కిరీటి సామాను పైకి అందించాడు. ఏసీ పెట్టె అద్దం నల్లగా ఉండి లోపల కూతురు ఎక్కడ కూచుందో కనబడలేదు. రైలు కదిలాక కూడా కనబడని అద్దానికి చెయ్యి ఊపుతూ నడిచాడు.

వేసవిలో హాసిని రాలేదు. కొత్త స్కూలు, కొత్త ట్యూషన్లు అన్నారు. అతను వద్దనలేదు గాని ఈసారి ఠీక్ హై కూడా అనలేదు. "నాకు బాధగా ఉంది, దసరాకి తప్పకుండా రావాలి" అన్నాడు ఫోన్లో. "ఆతీ హూఁ" అంది చివరికి, వస్తానని.

దసరాకి వచ్చింది. వేలెడు పొడుగయింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కిరీటి అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో ఆమెకు ఒక గది ఇచ్చాడు. కొత్త దుప్పటి, టేబుల్ లాంపు కొన్నాడు. బల్ల మీద రోబో కుక్క కథల పుస్తకాలు నాలుగు పెట్టాడు. ఆమె వాటిని చూసి, "నేనిప్పుడు కామిక్స్ చదవను నాన్నా" అంది, మర్యాదగా. అతను సరేనని వాటిని బీరువాలో పెట్టేశాడు.

ఆ వారంలో ఎక్కువ భాగం అతిథి వచ్చినట్టే గడిచింది. పప్పుచారు బాగుందంది. రామ్‌లీలా చూడ్డానికి వెళ్దామంటే వచ్చింది. రాత్రి తల్లికి ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడేది. భోజనాల దగ్గర ఇద్దరికీ మాటలు దొరికేవి కాదు. మధ్యలో పెట్టుకుని చదువుకోవడానికి ఏమీ లేదు. నీళ్ళు కావాలా, వద్దు, ఇంకొంచెం అన్నం, చాలు. కిరీటి ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఏ మాట అయినా పైపైనే తేలిపోయేది.

వెళ్ళిపోయే ముందురోజు సాయంత్రం, అన్నం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచాడు. హాసిని ఫోను చూస్తూ పలకలేదు. నాలుగోసారి వెళ్ళి ఫోను చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇవ్వు!" అని అరిచింది.

"ముందు తిను."

"నువ్వెవరు నన్ను ఆపడానికి? అన్ని రోజులు ఎక్కడున్నావు?"

"మీ నాన్నని!" కిరీటి కూడా అరిచాడు. "అన్నం తినమంటే తినాలి! తిన్నాకే ఫోను!"

ఆమె తలుపు దబాల్న వేసుకుంది. గోడలు అదిరాయి. పక్క ఫ్లాటు ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది. కిరీటి ఫోను చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. రేపు పొద్దున రైలు. ఈ కోపంతోనే వెళ్ళిపోతుంది. తప్పు చేశానా అనుకున్నాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. హాసిని ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, కుర్చీ చప్పుడయ్యేలా లాగి కూచుంది.

"పప్పు చల్లారిపోయింది" అంది, కోపంగానే. "వేడి చెయ్యి."

కిరీటి స్టవ్ వెలిగించాడు. వీపు ఆమె వైపు ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడం ఆమెకు కనబడలేదు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక ఇంట్లో ఉండే తండ్రీ కూతుళ్ళలా పోట్లాడుకున్నది అదే మొదటిసారి.